ఉపగ్రహం ఎప్పుడూ పడుతూనే ఉంటుంది

2022 ఆగస్టు 7న ఇస్రో కొత్త రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ శ్రీహరికోట నుంచి మొదటిసారి పైకి లేచింది. లోపల రెండు ఉపగ్రహాలు. ఒకటి ఇస్రోది. రెండోది ఎనిమిది కిలోల ‘ఆజాదీశాట్’. దేశంలో అక్కడక్కడా పల్లెటూరి బడుల్లో చదివే 750 మంది అమ్మాయిలు చేసిన పరికరాలు అందులో ఉన్నాయి. రాకెట్ మూడు దశలూ మండాయి. ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల ఎత్తుకు చేరి రాకెట్ నుంచి విడిపోయాయి. చేరాల్సిన ఎత్తు కూడా అదే. అయినా రెండూ దక్కలేదు. కాసేపటికే వాతావరణంలోకి దిగిపోయాయి.

ఎత్తు సరిపోయింది. తగ్గింది పక్కకు వెళ్లే వేగం. ఆ ఎత్తున గుండ్రటి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు 7.69 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ ఉపగ్రహాలకు అందులో దాదాపు నూటికి 99 వంతులు అందింది. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన అదురుకు రాకెట్‌లోని సెన్సర్లు కాసేపు తికమకపడ్డాయి. సెన్సర్లు చెడిపోయాయని కంప్యూటర్ అనుకుంది. చివర్లో వేగం సరిదిద్దాల్సిన చిన్న ఇంజను మండనేలేదు. ఆ ఒక్క శాతం లోటుకే కక్ష్య కోలగా సాగిపోయింది. ఒకవైపు 356 కిలోమీటర్ల ఎత్తు, అవతలివైపు 76 కిలోమీటర్లు. 76 కిలోమీటర్ల దగ్గర గాలి పల్చగానే ఉంటుంది. కానీ అంత వేగంతో దూసుకొచ్చే పెట్టెను కాల్చేయడానికి ఆ మాత్రం చాలు. (ఆ అమ్మాయిలు ఊరుకోలేదు. ఆజాదీశాట్-2 2023 ఫిబ్రవరి 10న అదే రకం రాకెట్‌లో వెళ్లి 450 కిలోమీటర్ల కక్ష్యలో చక్కగా కుదురుకుంది.)

ఉపగ్రహాన్ని పైకి చేర్చడం, అక్కడ నిలబెట్టడం రెండూ ఒకటే పని అని చాలామంది అనుకుంటారు. రెండూ వేర్వేరు. రెండో పనే కష్టం. ఎందుకో తెలియాలంటే గురుత్వాకర్షణ పైన ఏం చేస్తోందో చూడాలి.

పైన గురుత్వాకర్షణ ఉందా, లేదా?

‘ఉపగ్రహం ఎందుకు కింద పడదు?’ అని తరగతిలో అడిగితే ముందు వచ్చే జవాబు ‘పైన గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి’. పెద్దవాళ్లను అడిగినా చాలామంది అదే అంటారు. టీవీ వార్తల్లో ‘జీరో గ్రావిటీ’ అని అన్నిసార్లు వింటుంటే పిల్లలను తప్పుపట్టి ఏం లాభం!

లెక్క వేసి చూద్దాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున. అంటే విజయవాడ నుంచి తిరుపతికి రోడ్డు మీద వెళ్లేంత దూరం, కాకపోతే నిట్టనిలువుగా. మనకు అది చాలా ఎత్తు. భూమికి మాత్రం ఏమంత కాదు. గురుత్వాకర్షణను కొలిచేది నేల నుంచి కాదు, భూమి కేంద్రం నుంచి. నేల మీద నిలబడ్డ మనమే కేంద్రానికి 6,371 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. ఇంకో 400 కలిపితే 6,771. పెరిగింది నూటికి ఆరు వంతులు. దూరం పెరిగితే ఆకర్షణ దాని వర్గం లెక్కన తగ్గుతుంది కాబట్టి నేల మీద సెకనుకు సెకనుకు 9.8 మీటర్లుండే గురుత్వ త్వరణం అక్కడ 8.7 అవుతుంది. నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 89 శాతం. 400 కిలోమీటర్ల ఎత్తైన గోపురం కట్టి, దాని శిఖరం మీద బరువు తూచే మిషను పెట్టి 60 కిలోల మనిషిని ఎక్కిస్తే 53 చూపిస్తుంది. ఆ మనిషి గాల్లో తేలడు. అడుగు తప్పితే పడతాడు, మామూలుగా పడ్డట్టే.

కాబట్టి అంతరిక్ష కేంద్రాన్ని భూమి గట్టిగానే లాగుతోంది. లాగకపోతే అది అక్కడ ఉండదు. ఏ బలమూ లేని వస్తువు సరళరేఖలో సాగిపోతుంది, ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదువుకున్న న్యూటన్ మొదటి సూత్రం అదే. గురుత్వాకర్షణ ఒక్క క్షణం మాయమైతే అంతరిక్ష కేంద్రం తిరగడం ఆపేసి తిన్నగా దూరంగా వెళ్లిపోతుంది.

ఇంకో జవాబు ఉంది. అది కొంచెం చదువుకున్నవాళ్ల తప్పు, అందుకే వదిలించుకోవడం కష్టం. ‘గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది, అపకేంద్ర బలం బయటికి లాగుతుంది, రెండూ సమానమై ఉపగ్రహం నిలబడుతుంది’ అంటారు. కొన్ని గైడుల్లో కూడా ఇలాగే రాసి ఉంటుంది. నాకైతే ఇది మొదటిదాని కంటే ఎక్కువ చెరుపు చేసే జవాబు. రెండు బలాలూ నిజంగా ఒకదాన్నొకటి చెరిపేస్తే మిగిలేది సున్నా. సున్నా బలంతో వస్తువు వంపు తిరగదు, తిన్నగా పోతుంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలు తోలేవాళ్ల వడిసెల గుర్తు చేసుకోండి. రాయి గిరగిరా తిరుగుతున్నంతసేపూ తాడు దాన్ని లోపలికే లాగుతుంది. బయటికి లాగేది రాయి దగ్గర ఏదీ లేదు. తాడు కొస వదిలేస్తే రాయి చేతికి ఎదురుగా బయటికి ఎగిరిపోదు, ఆ క్షణాన ఎటు పోతోందో అటే తిన్నగా పోతుంది. ఉపగ్రహం మీద కూడా పనిచేసేది ఒక్కటే బలం. అది లోపలికే. (ఉపగ్రహంతో పాటు తిరుగుతూ లెక్కలు వేసే ఇంజనీర్లు అపకేంద్ర బలాన్ని లెక్క సౌకర్యం కోసం వాడుకుంటారు. నేల మీద నుంచి చూసే మనకు దాని అవసరం లేదు.)

ఒకే ఒక్క బలం, అదీ కిందికే. అయితే ఉపగ్రహం పడాలి కదా? అవును, పడుతోంది.

రెండు రూపాయి బిళ్లలు

ఇంట్లో చేసి చూడదగ్గ పని ఒకటుంది. బల్ల అంచున ఒక స్కేలును ఏటవాలుగా పెట్టండి, ఒక కొస బల్ల మీద, ఇంకో కొస బయటికి. బయటి కొస మీద ఒక రూపాయి బిళ్ల. బల్ల మీద ఉన్న కొసకు ముందు, అంచుకు ఆనుకుని ఇంకో బిళ్ల. ఇప్పుడు స్కేలు మధ్యలో వేలితో అదిమి, బయటి కొసను వేలితో పక్కకు గట్టిగా కొట్టండి. స్కేలు గిర్రున తిరిగి బల్ల మీది బిళ్లను దూరంగా విసురుతుంది. రెండో బిళ్ల కిందనుంచి స్కేలు జారిపోయి అది ఉన్నచోటే నిట్టనిలువుగా పడుతుంది. కళ్లు మూసుకుని వినండి. ఒక్కటే చప్పుడు వస్తుంది. నాలుగైదు సార్లు చేస్తే గానీ కుదరదు, కుదిరాక మాత్రం నమ్మబుద్ధి కాదు. దూరంగా పోయిన బిళ్లా, ఉన్నచోట పడ్డ బిళ్లా నేలను ఒకేసారి తాకుతాయి.

పక్కకు పోయే వేగం కిందికి పడడాన్ని ఆపలేదు, ఆలస్యం కూడా చేయలేదు. ఎంత వేగంగా విసిరినా మొదటి సెకనులో ఏ వస్తువైనా 4.9 మీటర్లు పడాల్సిందే, గాలి అడ్డు లేకపోతే. దాన్ని ఐదు మీటర్లు అనుకుందాం. లెక్క తేలిక.

ఇప్పుడు ఇంకో సంగతి. భూమి గుండ్రం. నిశ్చలమైన సముద్రం మీద ఒక చోటు నుంచి అడ్డంగా, తిన్నగా ఒక గీత గీశారనుకోండి. 8 కిలోమీటర్లు పోయేసరికి నీళ్లు ఆ గీతకు 5 మీటర్లు కిందికి ఉంటాయి. సముద్రం ఎక్కడికీ పోలేదు, భూమి వంపు అంత.

ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టండి. సెకనులో వస్తువు 5 మీటర్లు పడుతుంది. 8 కిలోమీటర్లకు నేల 5 మీటర్లు దిగుతుంది. అంటే సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే వస్తువు ఐదు మీటర్లు పడేలోపు దాని కింద నేల కూడా ఐదు మీటర్లు తప్పుకుంటుంది. నేల నుంచి దాని ఎత్తు మారలేదు. మరుసటి సెకనూ అంతే, ఆ తర్వాతా అంతే. పడుతుంది, నేలకు మాత్రం తగలదు. కక్ష్య అంటే ఇంతకుమించి ఏమీ లేదు.

ఐజాక్ న్యూటన్ ఇదే ఆలోచనను ఒక బొమ్మగా వేసి పెట్టాడు. 1727లో ఆయన చనిపోయిన మరుసటి ఏడాది అది అచ్చులో వచ్చింది. గాలికి అందనంత ఎత్తైన కొండ, దాని మీద ఫిరంగి. మెల్లగా పేలిస్తే గుండు కొండ కిందే పడుతుంది. ఇంకా గట్టిగా పేలిస్తే ఇంకా దూరం. బొమ్మలో ఒక్కో గుండుదీ ఒక్కో వంపు గీత, ఒక్కోటీ భూమి మీద ఇంకాస్త అవతల దిగుతుంది. ఆఖరి గీత ఎక్కడా దిగదు, చుట్టూ తిరిగి కొండ దగ్గరికే వస్తుంది. ఆ బొమ్మ నిజం కావడానికి మరో 230 ఏళ్లు పట్టింది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ 83.6 కిలోల స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. ఫిరంగి బదులు రాకెట్ వచ్చింది, కానీ సూత్రం ఆ బొమ్మలోదే.

ఎత్తు పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది, కాబట్టి పడడమూ నెమ్మదిస్తుంది, కావలసిన వేగమూ తగ్గుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున అంతరిక్ష కేంద్రం సెకనుకు 4.3 మీటర్లు పడుతూ 7.67 కిలోమీటర్లు ముందుకు పోతుంది, గంటన్నరకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే టీవీ ఉపగ్రహాలు సెకనుకు 11 సెంటీమీటర్లే పడతాయి, 3 కిలోమీటర్లు ముందుకు పోతాయి. చంద్రుడు కూడా భూమికి ఉపగ్రహమే. 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చందమామ సెకనుకు మిల్లీమీటరున్నర కూడా పడడు. కిలోమీటరు పైచిలుకు ముందుకు జరిగి, మిల్లీమీటరుకు కాస్త ఎక్కువగా మనవైపు వంగుతాడు. అలా వంగి వంగి 27 రోజుల చిల్లరలో చుట్టు తిరిగొస్తాడు.

చంద్రుడి లెక్కతోనే న్యూటన్ తన సూత్రాన్ని సరిచూసుకున్నాడు, ఆ లెక్క ఎంత అందంగా ఉంటుందో చూడండి. చంద్రుడు భూమి వ్యాసార్థానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. అక్కడ ఆకర్షణ 60 వర్గం, అంటే 3,600వ వంతు ఉండాలి. ఇక పడే దూరం కాలం వర్గంతో పెరుగుతుంది. ఒక్క సెకనుకు బదులు ఒక నిమిషం, అంటే 60 సెకన్లు పడనిస్తే 3,600 రెట్లు ఎక్కువ పడాలి. 3,600తో భాగించడం, 3,600తో గుణించడం రెండూ కొట్టేసుకుంటాయి. అంటే తోటలో పండు ఒక సెకనులో ఎంత పడుతుందో ఆకాశంలో చంద్రుడు ఒక నిమిషంలో అంతే పడాలి. దాదాపు 4.9 మీటర్లు. చంద్రుడి కక్ష్యను కొలిచి చూస్తే అంతే వచ్చింది. పండును లాగేదీ చంద్రుణ్ని లాగేదీ ఒకటే అని మనిషికి రుజువుతో తెలిసింది అప్పుడే.

ఈ సంఖ్యల్లో ఎక్కడా ఉపగ్రహం బరువు రాలేదు, గమనించారా? 1980 జులై 18న మన ఎస్ఎల్‌వీ-3 కక్ష్యలో పెట్టిన రోహిణి బరువు 35 కిలోలు. అంతరిక్ష కేంద్రం 400 టన్నుల పైమాటే. ఒకే ఎత్తున గుండ్రటి కక్ష్యలో పెడితే రెండింటికీ ఒకటే వేగం. బరువు తేడా వచ్చేది రాకెట్‌కు, అంత బరువును ఆ వేగానికి తీసుకెళ్లేటప్పుడు.

రాకెట్ ఎందుకు వంగుతుంది?

శ్రీహరికోటలో ప్రయోగం చూడ్డానికి వెళ్లినవాళ్లకు ఇది అనుభవమే. రాకెట్ నిప్పులు కక్కుతూ నిటారుగా లేస్తుంది, కొద్ది సెకన్లలోనే సముద్రం వైపు ఒరగడం మొదలుపెడుతుంది. మొదటిసారి చూసేవాళ్లు ‘అయ్యో, పక్కకు పోతోందే’ అని కంగారు పడతారు. పక్కకు పోవడమే దాని పని. నిటారుగా లేవడం గాలి చిక్కగా ఉన్న పొరలోంచి త్వరగా బయటపడడానికి.

ఒక కిలో వస్తువును ఉత్తినే 400 కిలోమీటర్ల ఎత్తుకు లేపడానికి 37 లక్షల జౌళ్ల శక్తి చాలు. అదే వస్తువుకు అక్కడ సెకనుకు 7.67 కిలోమీటర్ల వేగం ఇవ్వడానికి 2 కోట్ల 94 లక్షల జౌళ్లు కావాలి. ఎత్తుకు ఒక వంతు, వేగానికి ఎనిమిది వంతులు. గాలి రాపిడికి, ఇంజన్ల వృథాకు పోయేది వేరే. రాకెట్ అంటే ఆకాశానికి ఎక్కే యంత్రం అనుకుంటాం గానీ, అది తాగే ఇంధనంలో ఎక్కువ భాగం పక్కకు పరిగెత్తడానికే.

అందుకే తేరగా వచ్చే వేగాన్ని ఎవరూ వదులుకోరు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది. భూమధ్యరేఖ మీద ఆ వేగం సెకనుకు 465 మీటర్లు. శ్రీహరికోట దగ్గర 450 పైచిలుకు. ప్రయోగ వేదిక మీద కదలకుండా నిలబడ్డ రాకెట్‌కు ఆ వేగం అప్పటికే ఉంటుంది, తూర్పుకు పోతే అది కలిసొస్తుంది. తూర్పున బంగాళాఖాతం ఉంది, విడిపోయిన దశలు పడ్డా నీళ్లలోనే పడతాయి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న ఆ దీవిని ఎంచుకోవడంలో ఈ లెక్కలున్నాయి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు మాత్రం ఒక చిక్కు ఉంది. వాటిని దక్షిణంగా పంపాలి, తిన్నగా పంపితే దారిలో శ్రీలంక. అందుకని పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా పోయి, శ్రీలంకను దాటాక దక్షిణానికి మలుపు తీసుకుంటుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు. పెద్ద రాకెట్ ఓర్చుకుంటుంది, చిన్నదానికి భారం. తమిళనాడులో, దక్షిణానికి శ్రీలంక అడ్డురాని కులశేఖరపట్నం దగ్గర చిన్న రాకెట్ల కోసం ఇస్రో కొత్త కేంద్రం కడుతున్నది ఇందుకే.

ఇద్దరు తెలుగువాళ్లు, రెండు రకాల ప్రయాణాలు

2021 జులై 11న గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష అమెరికాలో వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. అదే ఏడాది నవంబరులో తెలంగాణ మూలాలున్న రాజాచారి అంతరిక్ష కేంద్రానికి బయల్దేరారు. శిరీష భారం లేకుండా తేలింది కొన్ని నిమిషాలు. రాజాచారి దాదాపు ఆరు నెలలు. ఎత్తులో తేడా వల్లే ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. శిరీష ఎక్కిన వాహనం ధ్వనికి మూడు రెట్ల వేగంతో, ఎక్కువగా పైకే వెళ్లింది. కక్ష్యకు కావలసిన పక్క వేగంలో అది ఎనిమిదో వంతు కూడా ఉండదు. పైకి వెళ్లింది, పడింది, దిగింది. రాజాచారి కూడా పడుతూనే ఉన్నారు, కాకపోతే ఆయన కింద భూమి వంగుతూ పోయింది.

తేలడం మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున చిన్న రంధ్రం చేసి నీళ్లు నింపండి, మూత పెట్టకండి. నీళ్లు సన్నగా కారుతుంటాయి. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, కింద ఎవరూ లేకుండా చూసి, మేడ మీద నుంచి సీసాను వదిలేయండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. గురుత్వాకర్షణ ఆగిందా? లేదు, సీసానూ నీళ్లనూ సమానంగా లాగుతోంది. రెండూ కలిసి పడుతున్నాయి కాబట్టి నీళ్లు సీసా అడుగును నొక్కడం లేదు. వ్యోమగామి పాదాలు అంతరిక్ష కేంద్రం నేలను నొక్కనిదీ ఇందుకే. మనకు ‘బరువు’గా తెలిసేది భూమి లాగడం కాదు, ఆ లాగుడుకు నేల ఎదురు నిలవడం.

డిష్ ఎందుకు కదలదు?

మన ఇళ్ల మీది డీటీహెచ్ గొడుగులన్నీ ఇంచుమించు దక్షిణం వైపే, కొన్ని కాస్త అటూ ఇటూ తిరిగి ఉంటాయి. ఒకసారి బిగించాక వాటిని ఎవరూ తిప్పరు. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టు పెద్దదై, వేగం తగ్గి, ఒక్కో ప్రదక్షిణకు పట్టే సమయం పెరుగుతుందని చూశాం. 35,786 కిలోమీటర్ల ఎత్తున ఆ సమయం 23 గంటల 56 నిమిషాలు. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేదీ అంతసేపట్లోనే. భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆ ఎత్తున తూర్పుకు తిరిగే ఉపగ్రహం మనతో పాటే తిరుగుతుంది కాబట్టి కదలనట్టు కనిపిస్తుంది.

అయితే హైదరాబాద్ నడినెత్తిన అలాంటిదొకటి పెట్టుకుంటే డిష్‌ను నిటారుగా పెట్టొచ్చు కదా? మంచి ప్రశ్నే, కానీ కుదరదు. భూమి ఉపగ్రహాన్ని తన కేంద్రం వైపు లాగుతుంది. కాబట్టి కక్ష్య ఏదైనా భూమి కేంద్రాన్ని చుట్టి తీరాలి. హైదరాబాద్ మీదుగా తూర్పు పడమరలుగా గీసిన అక్షాంశ వలయం మధ్యబిందువు భూమి కేంద్రం కాదు, దానికి ఉత్తరంగా ఉంటుంది. ఆ వలయం మీద ఉపగ్రహం నిలవాలంటే ఎవరో దాన్ని ఉత్తరానికి లాగి పట్టుకోవాలి. అక్కడ అలాంటివాళ్లెవరూ లేరు. హైదరాబాద్ మీదుగా వెళ్లిన ఉపగ్రహం సగం చుట్టు అయ్యేసరికి దక్షిణార్ధగోళంలో ఉండి తీరుతుంది.

స్కైలాబ్ ఎందుకు పడింది?

ఇళ్లలో తాతయ్యలను, అమ్మమ్మలను అడగండి. 1979 వేసవి దాటాక మన పల్లెల్లో స్కైలాబ్ భయం ఎలా పట్టిందో చెబుతారు. ఆకాశం నుంచి అమెరికావాళ్లదేదో మన నెత్తిన పడుతుందట, ఎలాగూ చస్తాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారని, ఉన్న డబ్బు ఖర్చుపెట్టేశారని కథలు కథలుగా చెప్పుకుంటారు. 1973లో పంపిన ఆ అంతరిక్ష కేంద్రం బరువు 70 టన్నుల పైనే. చివరికి 1979 జులై 11న హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలుగా పడింది.

ఆరేళ్లు తిరిగింది ఎందుకు పడినట్టు? గాలి వల్ల. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున కూడా గాలి పూర్తిగా లేకుండా పోదు, అక్కడక్కడా అణువులు తగులుతుంటాయి. సూర్యుడు ఉద్రేకంగా ఉన్న ఏళ్లలో పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, అణువులు ఇంకా ఎక్కువ తగులుతాయి. ఆ ఏళ్లలో సూర్యుడు శాస్త్రవేత్తలు అంచనా వేసినదానికంటే ఎక్కువ రేగాడు. ఇది పాతకాలం కథ కాదు. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ ఒకేసారి పంపిన 49 ఉపగ్రహాల్లో 40 దాకా ఇలాంటి సౌర తుపానుకే పోయాయి, అప్పటికి అవింకా 210 కిలోమీటర్ల ఎత్తులోనే ఉన్నాయి పాపం. ఇప్పటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా నెలకు దాదాపు రెండు కిలోమీటర్లు దిగుతుంటుంది. మధ్యమధ్యలో ఇంజన్లు మండించి పైకి లేపుతారు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. గాలి అడ్డుపడితే వేగం తగ్గాలి. కానీ దిగుతున్న ఉపగ్రహం వేగం పెరుగుతుంది! 400 కిలోమీటర్ల దగ్గర సెకనుకు 7.67, 300 దగ్గర 7.73, 200 దగ్గర 7.79. తమాషా ఏమిటంటే గాలి కొంచెం వేగం తినగానే ఉపగ్రహం కిందికి జారుతుంది. జారినప్పుడు ఎత్తు వల్ల ఉన్న శక్తి బయటికొస్తుంది. అందులో సగం గాలి రాపిడికి వేడిగా పోతుంది, మిగతా సగం వేగంగా మారుతుంది. గాలి తీసుకున్న వేగం కంటే దిగడం వల్ల వచ్చిన వేగమే ఎక్కువ.

దీని ఫలితం ఎంత తలకిందులుగా ఉంటుందో 1965 జూన్‌లో అమెరికా అంతరిక్ష నౌక జెమిని-4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్‌కు తెలిసొచ్చింది. తమను కక్ష్యలో వదిలిన రాకెట్ ఖాళీ దశ దగ్గర్లోనే తిరుగుతోంది. దాని దగ్గరికి వెళ్లి చూడాలని, దానికి గురిపెట్టి ఇంజను మండించాడు. దగ్గరవ్వాల్సింది పోయి దూరమైంది. మళ్లీ మండించాడు, ఇంకా దూరమైంది. ఇంధనం కరిగిపోతుంటే ఆ ప్రయత్నం మానుకున్నారు. రోడ్డు మీద ముందున్న బండిని అందుకోవాలంటే యాక్సిలరేటర్ తొక్కుతాం. కక్ష్యలో వేగం పెంచితే పై కక్ష్యలోకి లేస్తాం, అక్కడ చుట్టు పెద్దది, నడక నెమ్మది, వెనకబడిపోతాం. ముందున్నదాన్ని అందుకోవాలంటే ముందు బ్రేకు వేయాలి. కిందికి దిగి, చిన్న చుట్టులో వడిగా తిరిగి, దగ్గరపడ్డాక మళ్లీ పైకి లేవాలి.

మన ఇస్రో ఈ విద్యను స్పేడెక్స్‌తో నేర్చుకుంది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన, ఒక్కోటి 220 కిలోలుండే జంట ఉపగ్రహాలను ముందు దూరం జరగనిచ్చారు, తర్వాత దగ్గరికి తెచ్చారు. తొందరపడలేదు, అనుకున్న తేదీలను వాయిదా వేశారు. ఒకసారి మూడు మీటర్ల దాకా తెచ్చి, చూసుకుని, మళ్లీ వెనక్కి పంపేశారు. 2025 జనవరి 16న రెండూ కలిశాయి. మీటర్లలోకి వచ్చాక ఈ తలకిందుల వ్యవహారం పెద్దగా బాధించదు. కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడే ప్రతి చిన్న తోపుకూ కక్ష్య మారిపోతుంది.

కాలిక్యులేటర్ దగ్గరుంటే గుండ్రటి కక్ష్యల వేగాలను మీరే కట్టుకోవచ్చు. 3,98,600ను భూమి కేంద్రం నుంచి ఉపగ్రహానికున్న దూరంతో (కిలోమీటర్లలో) భాగించి, వచ్చినదానికి వర్గమూలం తీయండి. వేగం సెకనుకు కిలోమీటర్లలో వస్తుంది. ఆ 3,98,600 భూమి ద్రవ్యరాశి నుంచి వచ్చిన సంఖ్య. 2025 జులై 30న పంపిన నాసా-ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. 6,371 కలిపితే 7,118. భాగించి వర్గమూలం తీస్తే 7.48. చంద్రుడి చుట్టూ తిరిగేవాటికైతే 3,98,600 బదులు 4,903 వేయాలి, వ్యాసార్థం 1,737 తీసుకోవాలి. చంద్రయాన్-2 ఆర్బిటర్ 2019 నుంచి అక్కడ 100 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. దాని వేగం సెకనుకు 1.63 కిలోమీటర్లు రావాలి, వచ్చిందేమో చూడండి.